అంకె ఎర్రబడితే

గోడకు బిగించిన టీవీలో అంకె మారినప్పుడల్లా ఇంజనీరింగ్ సీట్ల కౌన్సెలింగ్ హాలంతా ఒకసారి కదిలి మళ్లీ సర్దుకుంటోంది. లోపలి గదిలో ఎవరో కంప్యూటర్ ముందు కూర్చుని ఒక కాలేజీ పేరూ ఒక బ్రాంచి పేరూ చెబుతారు, ఇక్కడ బయట ఆ వరుసలో ఒక సీటు తగ్గుతుంది, అంతే, తీసుకున్నదెవరో తెలియదు, వాళ్ల మొహం కనబడదు, తగ్గిన సీటు మాత్రం కనబడుతుంది. పద్మావతి చూపు ఒకే వరుసకు అతుక్కుపోయింది. సంగారెడ్డి అవతలి కాలేజీ, కంప్యూటర్ ఇంజనీరింగ్, అమ్మాయిల కోటా. పొద్దున వచ్చినప్పుడు చాలానే ఉన్నాయి, ఇప్పుడు వేళ్ల మీద లెక్కపెట్టేన్ని మిగిలాయి, తన ర్యాంకు పిలిచేలోపు అవి కూడా అయిపోతే బాగుండునని ఒక మనసు, అయిపోతే ఎలా అని ఇంకో మనసు. అయిపోతే గొడవే ఉండదు, నాయిన చెప్పిన ఎలక్ట్రికల్ తీసుకోవచ్చు, ఆ వరుసలో ఖాళీలు ఇంకా ఎన్నో ఉన్నాయి, అప్పుడు తప్పు టీవీది అవుతుంది, తనది కాదు. పక్క కుర్చీలో నాయిన మొగులయ్య నిద్రపోతున్నాడు. రాత్రంతా అమీన్‌పూర్‌లో కొత్తగా వేసిన ప్లాట్ల వెంచర్‌కు కాపలా కాసి, అట్నుంచి అటే వచ్చి పటాన్‌చెరు బస్టాండులో ఆమెను కలుసుకున్నాడు. ఖాకీ చొక్కా కూడా మార్చుకోలేదు. సర్టిఫికెట్ల సంచీని రెండు చేతులతో పొట్టకు అదుముకుని, నోరు కొంచెం తెరుచుకుని, తల ఒకపక్కకు వాలిపోయి. ఈ మనిషి తన కోసం హైదరాబాద్ దాకా వచ్చాడు, వచ్చాడే గాని దారిపొడుగునా నాలుగు మాటలు మాట్లాడలేదు.

మాట్లాడాల్సింది ఎంసెట్ ర్యాంకు వచ్చిన రోజే మాట్లాడేశాడు. రుద్రారంలో ఇంటి ముందు మంచం మీద కూర్చుని, "కరెంటు తీస్కో బిడ్డా. ఎన్ని మిషిన్లొచ్చినా కరెంటోళ్ల పని పోదు," అన్నాడు. "నేను కంప్యూటర్ తీస్కుంట నాయినా," అంది తను. అంతే. మంచం మీది నుంచి లేచి దొడ్లోకి వెళ్లిపోయాడు. అరవలేదు, వద్దని కూడా అనలేదు, అరిస్తే బాగుండేది, అరుపుకు అరుపు ఉంటుంది, వెళ్లిపోయే వీపుకు ఏం చెబుతారు? అమ్మ నర్సింహమ్మ బియ్యం ఏరుతూ తల ఎత్తకుండానే, "నాయినకు కంప్యూటరంటె కడుపుల మంట, నీకెర్కలేదా?" అంది. ఎరుకే. ఊళ్లో అందరికీ ఎరుకే. మందుల ఫ్యాక్టరీలోకి కంప్యూటర్లు వచ్చిన ఏడాదే నాయిన పని పోయింది. అదొక్కటే అయితే ఎలాగో ఒప్పించేది. మేనమామ వచ్చి కంప్యూటర్లోళ్ల పని ఖతమైంది, అమెరికాల కంపెనీలు మునిగినయి, పెద్ద పెద్ద సదువులు సదివినోళ్లే ఇండ్లల్ల కూసుంటున్నరు అని చెప్పినప్పుడు కూడా తన దగ్గర జవాబుంది, నాలుగేళ్లలో మళ్లీ లేస్తయి మామా అంది. నాయిన మౌనానికే జవాబు లేదు. అది రెండు నెలల నుంచీ ఇంట్లో ఒక మనిషిలా తిరుగుతోంది, అన్నం దగ్గర కూర్చుంటోంది, దీపం ఆర్పాక కూడా మేలుకునే ఉంటోంది.

ఈ హాల్లో ఏ వాసనా లేదు. పొద్దున బస్సు కిటికీ మూసి ఉన్నా పాశమైలారం మలుపు వచ్చిందని ముక్కుకే తెలిసిపోయింది, కుళ్లిన గుడ్డూ చేదుగోళీ కలిసినట్టుండే ఆ వాసన, ఇస్నాపూర్ దాటేదాకా బస్సులో ఎవరూ గట్టిగా ఊపిరి తీసుకోరు. ఆ వాసనతోనే తను పెరిగింది. నాయిన చొక్కా నిండా అదే ఉండేది, అమ్మ ఆ చొక్కాను విడిగా ఉతికేది, విడిగా ఆరేసేది. పని పోయాక చొక్కాలకు ఉత్త చెమట వాసనే మిగిలింది, మొదట్లో తనకు నాయిన ఇంట్లో ఉన్నట్టే అనిపించేది కాదు. రియాక్టర్ అంటే ఏంది నాయినా అని చిన్నప్పుడు అడిగితే, "పెండ్లిళ్ల వంట గుండిగ లేదూ, దానికి మూత బిగిస్తె రియాక్టరు," అన్నాడు. జంగయ్య కాక పక్కనుంచి, "మీ నాయిన కింద మంట చూస్తడు, నేను పైన ఉప్పూ కారం ఏస్త," అని నవ్వాడు. నిజానికి అంతే వాళ్ల పని. నాయిన ఆవిరి వాల్వు దగ్గర, మీటరు చూస్తూ. జంగయ్య పైన, మూతి దగ్గర, బస్తాలతో పొడులు పోస్తూ. జంగయ్య వాళ్లు తరాలుగా వీళ్ల పొలాల్లో కూలికి వచ్చినవాళ్లు, ఊళ్లో ఎదురైతే "పటేలా" అని పిలిచేవాడు నాయినను. ఫ్యాక్టరీ గేటు దాటితే "మొగులన్నా". కొన్నాళ్లకు ఊళ్లో కూడా "మొగులన్నా" అయింది, నాయనమ్మ మొహం మాడ్చుకుంది, నాయిన మాత్రం ఆ పిలుపుకే ఎక్కువ పలికేవాడు. ఒకే సైకిల్ మీద పోయేవాళ్లు, ఒకరు తొక్కితే ఒకరు వెనక.

ఆ రోజు నాయిన ఒక్కడే వచ్చాడు, సైకిల్ నడిపించుకుంటూ. తను ఎనిమిదో తరగతి. వాన. రియాక్టర్‌లో ఒత్తిడి పెరిగి మూత లేచిందని, మంట జంగయ్యను పట్టుకుందని, దవాఖానకు తీసుకుపోయారని చెప్పాడు, చెప్పి అరుగు మీద కూలబడి వానలోనే కూర్చున్నాడు. తెల్లారి జంగయ్య పోయాడు. జంగయ్య భార్య ఎంకమ్మ చిన్నమ్మ ఏడవలేదు, శవం చుట్టూ గుడ్డ ఎందుకు తీయనివ్వడం లేదని అందర్నీ అడుగుతూ తిరిగింది, తననూ అడిగింది, మీ కాక మొహమెందుకు సూడనిస్తలేరు బిడ్డా అని. కంపెనీ ఆమెకు క్యాంటీన్లో పని ఇచ్చింది. మరుసటి ఏడాది దసరాకు కార్మికుల ఇంటోళ్లందరినీ ఆయుధపూజకు పిలిచారు, తను నాయిన వెంట పోయింది. అద్దాల గది. బయట అంత ఎండ, లోపల చల్లగా, చెప్పులు విప్పి లోపలికి రమ్మన్నారు గుడిలాగా. బల్లల మీద కంప్యూటర్లు, ఒక్కొక్క దానికీ పసుపూ కుంకుమ, గోడ మీద దండ వేసిన జంగయ్య కాక ఫొటో. ఒక ఇంజనీరు తనను కుర్చీలో కూర్చోబెట్టి చూపించాడు, నల్లటి తెర మీద ఆకుపచ్చ గీతలతో గుండిగ బొమ్మ, దాని పక్కన అంకె, ఆ అంకె లోపలి వేడి. "ఇది ఇంత దాటితే ఎర్రబడుతుంది, మోగుతుంది, ఆవిరి అదే ఆగిపోతుంది," అన్నాడు. దాటితే ఆపు. అంత చిన్న మాట. ఆ మాట ఎవరో కూర్చుని రాశారట, రాసినవాడు ఇక్కడ లేకపోయినా మాట పని చేస్తూనే ఉంటుందట, పగలూ రాత్రీ, వానలోనూ. ఇది పోయినేడు ఉండి ఉంటే. తల తిప్పి నాయినను చూసింది, నాయిన ఫొటో వైపు కూడా చూడడం లేదు, గుమ్మం దగ్గర తన చెప్పులు వెతుక్కుంటున్నాడు. జంగయ్యకు జరిగినటువంటి ప్రమాదం మళ్లీ జరగకూడదనే ఇంత ఖర్చు చేశామని పెద్దసారు మైకులో చెప్పాడు. సంక్రాంతి దాటిందో లేదో వాల్వుల దగ్గరి మనుషులను తీసేశారు.

అప్పుడే మనసులో ఒకటి నాటుకుపోయింది. కాక లాగా ఇంకెవరూ పోకూడదు, అందుకే కంప్యూటర్ చదువుతాను. ఎవరడిగినా ఇదే. తనను తాను అడుక్కున్నా ఇదే. ఎంకమ్మ చిన్నమ్మకు కూడా చెప్పింది ఒకసారి, ఆమె తన రెండు చెంపలూ పట్టుకుని, అప్పుడేడ్చింది, శవం దగ్గర ఏడవని మనిషి. నాయినకు మాత్రం చెప్పలేదు. జంగయ్య పేరెత్తితే నాయిన లేచి వెళ్లిపోతాడు. కానీ ఇప్పుడు లేచి ఎక్కడికి పోతాడు, ఈ కుర్చీల మధ్యనుంచి? టీవీలో ఆ వరుసలో ఇంకో సీటు తగ్గింది. మైకులో పిలుస్తున్న ర్యాంకులు దగ్గరికి వచ్చేస్తున్నాయి. చెప్పేస్తే? ఇప్పుడే. నాయిన మెడ ఇంకా వాలితే పడిపోయేటట్టున్నాడు, భుజం మీద చెయ్యి వేసింది, ఉలిక్కిపడి లేచి సంచీ ఉందా లేదా అని తడుముకున్నాడు.

"నాయినా, ఒక మాట చెప్పాలె."

"పిలిచిండ్రా?"

"ఇంకా పిలువలే. నేను కంప్యూటరంటున్నది కొలువు కోసం కాదు నాయినా. జంగయ్య కాక కోసం. ఆ రోజు ఆ కంప్యూటరుంటె కాక బతుకుతుండె."

మొగులయ్య కళ్లు ఎర్రగా ఉన్నాయి, నిద్ర చాలక. ఆమెను చూశాడు, ఎప్పుడు ఇంత పెద్దదైందన్నట్టు.

"ఎవరు చెప్పిండ్రు నీకు గట్లని?"

"చెప్పుడెందుకు? నేను చూసిన గద దసరా నాడు. వేడి దాటితే అంకె ఎర్రగైతది, ఆగుతది."

"అంకె ఆ దినం గూడ కనబడ్డది బిడ్డా."

ఆమెకు అర్థం కాలేదు. ఆయన గొంతు తగ్గించాడు, వెనక వరుసలో ఎవరో వింటారన్నట్టు.

"మీటరు మంచిగనే ఉండె. ముల్లు ఎర్రగీత దాటింది, నేనే చూసిన. ఉరికి పోయి షిఫ్ట్ ఇంచార్జి సారుకు చెప్పిన, బంద్ చేద్దాం సార్ అన్న. సరుకు ఖరాబైతది, ఇంకొంచెం సేపు నడ్వనియ్యి అన్నడు. బతిమిలాడిన. పో, పోయి నీ పని చూస్కో అన్నడు. నేను తిరిగొచ్చేవరకు..." చేత్తో గాలిలో ఏదో పైకి లేచినట్టు చూపించి, ఆ చెయ్యిని అలాగే ఒడిలో పెట్టుకున్నాడు.

"మరి ఎంక్వైరీల?"

"చెప్పిన. ఉన్నది ఉన్నట్టు చెప్పిన, రాసుకున్నరు. కంప్యూటర్లొచ్చినంక మొట్టమొదలు నన్నే తీసిండ్రు. కంప్యూటర్ వల్ల తీసిండ్రని ఊరంత అనుకున్నరు, నేను గూడ అనుకోనిచ్చిన. ఆ ఇంచార్జి సారే ఇయ్యాల మేనేజరు."

"ఎంకమ్మ చిన్నమ్మకు తెలుసా?"

"తెల్వదు. తెలిస్తె ఆ క్యాంటీన్ల ఎట్ల నిలబడ్తది? రోజు ఆ సారుకు అన్నం పెట్టాలె." మొగులయ్య మొహం తుడుచుకున్నాడు. "కంప్యూటర్ మీద నాకెందుకు కోపం? అది నన్నేం జేసింది? నాకు భయం. ఆ అద్దాల రూముల రేపు నువ్వు కూసుంటవ్. అంకె ఎర్రగైతది. నడ్వనియ్యి అంటడు పెద్దసారు. అప్పుడు నువ్వేం జేస్తవ్? చెప్తివా, నా లెక్క బయటుంటవ్. చెప్పకపోతివా..."

అదే ఆగిపోతుంది అన్నాడు కదా ఆ ఇంజనీరు, ఆవిరి అదే ఆగిపోతుంది. అన్నాడు. తర్వాత ఇంకేదో కూడా అన్నాడు. ఇన్నేళ్లూ గుర్తు రాలేదు, గుర్తు రానివ్వలేదేమో, ఇప్పుడు ఈ హాల్లో, టీవీ వెలుగులో, ఆయన వేలు ఒక మీట మీద ఆగడం కనిపిస్తోంది. "అర్జంటు పని ఉంటే దీన్ని పక్కకు కూడా పెట్టొచ్చు, అప్పుడు ఆగదు," అని నవ్వాడు. దాటితే ఆపు, పెద్దసారు వద్దంటే ఆపకు. అది కూడా ఎవరో కూర్చుని రాసిందే. మరి ఇన్నేళ్లూ తను పట్టుకుని వేలాడింది దేన్ని? కంపెనీ జంగయ్య ఫొటోకు దండ వేసి మనుషులను పనిలోంచి తీసేసింది. తనేం చేసింది? అదే ఫొటో ముందు పెట్టుకుని తనకు కావాల్సింది అడిగింది. కావాల్సింది. అవును, కావాలి. ఇంటర్ పరీక్షలయ్యాక టైపింగ్ అని ఇంట్లో చెప్పి పటాన్‌చెరులో కంప్యూటర్ సెంటర్‌కు వెళ్లిన ఆ వేసవి, మిఠాయి దుకాణం మీది ఇరుకు గది, తను రాసిన ప్రోగ్రాం ఎక్కాలు చెప్పాల్సింది పోయి ఒకే అంకెను తెర నిండా కుమ్మరిస్తోంది, అందరూ వెళ్లిపోయారు, కింద జిలేబీ నూనె వాసన, ఆకలి, అయినా కదల్లేదు, ఎక్కడ తప్పు, ఎక్కడ తప్పు, ఒక గుర్తు తప్పు చోట పడింది, సరిచేసింది, రెండు ఒకట్ల రెండు, రెండు రెండ్ల నాలుగు, వరసగా, బుద్ధిగా, తెర మీద దిగుతూ వచ్చాయి. ఒక్కతే చప్పట్లు కొట్టుకుంది. ఆ సంతోషంలో జంగయ్య కాక లేడు. ఎంకమ్మ చిన్నమ్మ లేదు. నాయిన కూడా లేడు. తను ఒక్కతే ఉంది. ఆ ఒక్కదానికే సిగ్గుపడి, ఒక చచ్చిపోయిన మనిషిని తెచ్చి ముందు నిలబెట్టుకుందా? ఎలక్ట్రికల్ తీసుకోవాలి. తీసుకుంటే నాయిన ఈ రాత్రి ప్లాట్ల దగ్గర కాస్త నిమ్మళంగా ఉంటాడు. కాని నాయిన అడిగింది ఎలక్ట్రికల్ తీసుకుంటావా అని కాదే, అప్పుడు నువ్వేం చేస్తావని. ఆ మాట ఎలక్ట్రికల్ తీసుకున్నా పోదు. డాక్టరైనా పోదు.

మైకులో తన ర్యాంకు పిలిచారు.

లేచింది. నాయిన ఆమె మోచెయ్యి పట్టుకుని లోపలికి నడిపించాడు. లోపలి గది చల్లగా ఉంది. కంప్యూటర్ ముందు కూర్చున్న మేడమ్ సర్టిఫికెట్లు తిరగేసి, కళ్లద్దాల మీదనుంచి చూసి, "ఏ కాలేజీ? ఏ బ్రాంచి?" అంది. ఆమెకిది ఈ రోజు వందోసారో ఏమో, గొంతులో ఏమీ లేదు. పద్మావతి కాలేజీ పేరు చెప్పింది. బ్రాంచి దగ్గర ఆగింది. కాక కోసమని లోపల ఎప్పుడూ నడిచే మాట ఇప్పుడు రాలేదు, దాని కోసం ఎదురు చూసింది, ఆ చోటు ఖాళీగా ఉంది, ఖాళీలోంచే నోరు తెరిచి, "కంప్యూటర్," అంది. అలా ఉత్తగా చెప్పడం బట్టలు లేకుండా నిలబడినట్టుంది.

"ఒక్కటే ఉందమ్మా. మార్చడానికి ఉండదు మళ్లీ." మేడమ్ ఆమె వెనక నిలబడ్డ మొగులయ్య వైపు చూసింది. "మీరేమంటారండీ? ఓకేనా?"

"నన్నెందుకమ్మా అడుగుడు? సదివేది ఆమె," అన్నాడు మొగులయ్య.

అది కోపమా, సరేననడమా, తిరిగి చూస్తే తెలిసేది, తిరిగి చూడలేకపోయింది. మేడమ్ వేలు మీట నొక్కింది. బయట హాల్లో ఎవరో అమ్మాయి అయ్యో అంది.

తిరుగు బస్సులో ఇద్దరికీ పక్కపక్కన సీటు దొరికింది. లింగంపల్లి దాటాక మొగులయ్య, "ఆ కాలేజీకి రెండు బస్సులు మారాలె," అన్నాడు. "మారుత నాయినా," అంది. మళ్లీ పటాన్‌చెరు దాకా మాటల్లేవు, కాని ఇది రెండు నెలలుగా ఇంట్లో తిరుగుతున్న మౌనం కాదు, దీనికి అడుగున ఒక ప్రశ్న ఉంది, ఇద్దరికీ తెలిసినది. రుద్రారంలో దిగేసరికి ఎండ వాలింది. రోడ్డు పక్కన ఎంకమ్మ నిలబడి ఉంది, షిఫ్టు దిగి ఇంటికి పోకుండా వీళ్ల కోసమే ఆగినట్టుంది, చేతిలో ఖాళీ టిఫిన్ గిన్నె.

"సీటొచ్చిందా బిడ్డా?"

"వచ్చింది చిన్నమ్మా. కంప్యూటరే."

ఎంకమ్మ గిన్నె కింద పెట్టి రెండు చేతులా ఆమె చెంపలు నిమిరి, తన కణతల దగ్గర మెటికలు విరుచుకుంది. "ఇగ మీ కాక లెక్క ఎవ్వరు పోరు."

ఇంతకు ముందైతే "పోరు చిన్నమ్మా" అనేది పద్మావతి.

"అది నాకు తెల్వదు చిన్నమ్మా. నాకా సదువంటె ఇష్టం. అందుకే తీస్కున్న."

ఎంకమ్మ నవ్వేసింది. "ఇష్టం లేకుంట నాలుగేండ్లు ఎట్ల సదువుతవ్ మరి? మంచిగైంది తియ్యి." ఇంత తేలికా అనిపించింది పద్మావతికి, ఇంత తేలికైన మాటకా ఇన్నేళ్లు. ఎంకమ్మ ఆమె చెయ్యి వదల్లేదు, దగ్గరికి లాక్కుని, ఏదో పండు చేతిలో పెడుతున్నట్టుగా చెప్పింది. "ఇంకో ముచ్చట సెప్పాల్నని ఆగిన. పొద్దుగాల అన్నం పెట్టుకుంట మా మేనేజర్ సారుకు నీ గురించి సెప్పిన. పనిలకెల్లి తీసేసినోళ్ల పేరెందుకని మొగులన్న పేరు సెప్పలే, నా బిడ్డసొంటిదని సెప్పిన. సదువు కాంగనే తీస్కరా ఎంకమ్మా, మన కంప్యూటర్ రూములనే కూసోబెడ్త అన్నడు. మాటిచ్చిండు. పెద్ద మనసు ఆ సారుది."

నాలుగడుగులు ముందు నడుస్తున్న మొగులయ్య ఆగాడు. వెనక్కి తిరగలేదు. ఖాకీ చొక్కా వీపు మీద చెమట నల్లగా పరుచుకుని ఉంది. పద్మావతి ఎంకమ్మ మొహం చూసింది, ఆ మొహం వెలిగిపోతోంది, ఇన్నేళ్లలో తనకు ఇవ్వగలిగిన దాన్ని మొదటిసారి సంపాదించి తెచ్చిన మనిషి మొహం, ఒక్క మాట చాలు ఆ వెలుగు ఆరిపోవడానికి, ఆ ఒక్క మాట నాలుక చివరనే ఉంది, చిన్నమ్మా, ఆ దినం నడ్వనియ్యి అన్న సారు ఎవరో నీకు...

"మంచిది చిన్నమ్మా," అంది.

మొగులయ్య మళ్లీ నడవడం మొదలుపెట్టాడు.